స్టార్టప్ రెసిడెన్సీకి వెళ్తున్నారా? దరఖాస్తు నుంచి తిరిగొచ్చే దాకా

యూనివర్సిటీ విద్యార్థులను కొన్ని వారాలో, కొన్ని నెలలో ఒకేచోట ఉంచి, అక్కడే తింటూ, అక్కడే పడుకుంటూ, అక్కడే ఒక వ్యాపారం మొదలుపెట్టించే కార్యక్రమాలు ఇవాళ చాలా దేశాల్లో ఉన్నాయి. పేర్లు రకరకాలు: స్టార్టప్ రెసిడెన్సీ, ఫౌండర్ హౌస్, సమ్మర్ బూట్‌క్యాంప్, ఆంత్రప్రెన్యూర్‌షిప్ హాస్టల్. బ్రోషర్లు మాత్రం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. గోడ నిండా స్టిక్కీ నోట్లు, నేల మీద బీన్ బ్యాగులు, మైకు పట్టుకుని నవ్వుతున్న ఒక విద్యార్థి.

ఆ ఫొటోల్లో కనపడని సంగతి ఒకటుంది. అందరూ ఒకే కప్పు కింద ఉంటే పని వేగం పెరుగుతుంది, నిజమే. అర్ధరాత్రి కోడ్‌లో చిక్కు వస్తే పక్క గది తలుపు తట్టొచ్చు. కానీ లేచింది మొదలు మనలాగే ఆలోచించేవాళ్ళ మధ్యే తిరుగుతాం కాబట్టి, బయటి మనిషికి ఏం కావాలో మరిచిపోవడం కూడా అక్కడే తేలిక. బ్యాచ్‌లో అందరూ "ఐడియా అదిరింది" అంటారు. వాళ్ళెవరూ దానికి డబ్బు కట్టరు. అందుకే కింద రాసిన ప్రతి అడుగు వెనకా నాకు ఒకటే లెక్క: ఈ రెసిడెన్సీలో ఉంటూ మీరు ఆ భవనం బయట ఎంత సేపు గడుపుతారు?

ఒకటి: ఏ రకం కార్యక్రమమో ముందు తేల్చుకోండి

పేరులో రెసిడెన్షియల్ అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు.

మొదటిది, చదువుతో పాటు నడిచే హాస్టల్ పద్ధతి. అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ 2000లో హిన్‌మన్ సీఈఓస్ పేరుతో ఇలాంటిది మొదలుపెట్టింది. వ్యాపారం మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు వేర్వేరు కోర్సుల నుంచి వచ్చి ఒకే నివాసంలో ఉంటారు. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ 2008లో వెలాసిటీ పేరుతో తన హాస్టళ్ళలో ఒకదాన్ని ఇందుకే కేటాయించింది. మెసేజింగ్ యాప్ కిక్ వెనక ఉన్న టెడ్ లివింగ్‌స్టన్ ఆ వెలాసిటీ నుంచి వచ్చినవాడే. అమెరికాలోని యూటా యూనివర్సిటీలో 2016లో తెరిచిన లసోండ్ స్టూడియోస్‌లో దాదాపు 400 మంది విద్యార్థులు ఉంటారు. పైన గదులు, కింద 3డీ ప్రింటర్లూ పనిముట్లూ ఉన్న పెద్ద వర్క్‌షాప్. ఈ పద్ధతిలో తొందర ఉండదు. రెండు మూడు ఐడియాలు చెడగొట్టుకునేంత సమయం దొరుకుతుంది. చదువు ఆగదు.

రెండోది, కొన్ని వారాల క్యాంపు. కాలిఫోర్నియాలోని శాన్ మటేయోలో పెట్టుబడిదారు టిమ్ డ్రేపర్ ఒక పాత హోటల్‌ను కొని నడుపుతున్న డ్రేపర్ యూనివర్సిటీ ఈ కోవలోది. పేరు యూనివర్సిటీయే గానీ డిగ్రీ ఇవ్వదు. ఇలాంటి చోట ఒత్తిడి ఎక్కువ, పరిచయాలు ఎక్కువ. చేతిలో నడిచే వ్యాపారంతో తిరిగి వస్తారని మాత్రం అనుకోకండి. పనిచేసే అలవాటు మారి వస్తే చాలు.

మూడోది, వేసవి యాక్సిలరేటర్, అంటే కొత్త కంపెనీలను కొన్ని నెలల్లో వేగంగా ముందుకు నడిపించే కార్యక్రమం. చాలామందికి గుర్తుండదు గానీ, స్టార్టప్‌లలో తొలి పెట్టుబడి పెట్టే అమెరికా సంస్థ వై కాంబినేటర్ 2005లో మొదలైందే కాలేజీ విద్యార్థుల వేసవి కార్యక్రమంగా. తొలి బ్యాచ్‌లో ఎనిమిది టీములు. ఎంఐటీలో డెల్టా వీ ఇప్పటికీ విద్యార్థి టీముల కోసం వేసవి అంతా నడుస్తుంది. ఇలాంటివాటిలో కొన్ని బస ఇవ్వవు, టీములే కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంటాయి. ఇక్కడికి ఐడియా, టీమ్ రెండూ ఉన్నవాళ్ళు వెళ్ళాలి. ఉత్త ఆసక్తితో వెళ్తే మొదటి రెండు వారాలు గాలికి పోతాయి.

నాలుగోది కదిలే బస. ఇండియాలో 2008 నుంచి నడుస్తున్న జాగృతి యాత్రలో వందల మంది యువతీ యువకులు పదిహేను రోజులు రైల్లో ఉంటూ దాదాపు 8,000 కిలోమీటర్లు తిరిగి, క్షేత్రంలో పనిచేస్తున్న సంస్థలను చూస్తారు. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ తన విద్యార్థులను నెలల తరబడి విదేశీ స్టార్టప్‌లలో పనికి పంపుతుంది. సొంతంగా మొదలుపెట్టడం కాదు, మొదలుపెట్టినవాళ్ళ పక్కన కూర్చోవడం. రెండో ఏడాదో మూడో ఏడాదో చదువుతూ ఇంకా ఐడియా లేనివాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే.

ఫిన్లాండ్‌లోని టీమియాకటేమియా గురించి కూడా ఒక మాట. యువాస్కులా పట్టణంలో 1993లో మొదలైంది. బస కన్నా పద్ధతి ముఖ్యం అక్కడ: లెక్చర్లు ఉండవు, విద్యార్థులు జట్లుగా ఏర్పడి నిజమైన కంపెనీ నడుపుతారు, టీచర్ల స్థానంలో కోచ్‌లు ఉంటారు. మీరు చూస్తున్న కార్యక్రమం నేర్పేది లెక్చర్లతోనా, పనితోనా అని కొలవడానికి ఇది మంచి గీటురాయి.

రెండు: దరఖాస్తు పెట్టేముందు వాళ్ళను మీరు ఇంటర్వ్యూ చేయండి

సీటు వస్తే చాలన్న ఆత్రంలో ఈ అడుగు అందరూ దాటేస్తారు. ఒక మెయిల్ రాయండి. నిర్వాహకులు సూటిగా జవాబు చెప్పకపోతే అదీ ఒక జవాబే.

ఒక మామూలు వారం టైమ్‌టేబుల్ పంపమని అడగండి. స్ఫూర్తిదాయక ప్రసంగాలు రోజుకు మూడున్నాయా, వారానికి ఒకటుందా? కస్టమర్లను కలవడానికి ఖాళీగా వదిలిన గంటలు ఎన్ని? పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా హాలులోనే కూర్చోబెడితే అది వ్యాపారం నేర్పే చోటు కాదు, వ్యాపారం గురించి వినిపించే చోటు. అలాంటి ప్రసంగాలు వీడియోల్లో బోలెడు దొరుకుతాయి, వాటి కోసం సంచి సర్దుకోనక్కర్లేదు.

తర్వాత వాటా సంగతి. కంపెనీలో ఈక్విటీ తీసుకుంటారా? తీసుకుంటే ఎంత, బదులుగా ఏమిస్తారు? యూనివర్సిటీలు నడిపేవి చాలావరకు వాటా అడగవు. ప్రైవేటు యాక్సిలరేటర్లు అడుగుతాయి, పెట్టుబడి పెడితే అడగడంలో తప్పూ లేదు. మీ దగ్గర ఫీజు తీసుకుని, పైగా వాటా కూడా అడిగితే మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

మేధో హక్కులు ఎవరివి అన్నది అడగడానికి మొహమాటపడతారు. పడకండి. చాలా యూనివర్సిటీల్లో క్లాసులో సొంతంగా చేసిన పని విద్యార్థిదే అవుతుంది గానీ, ల్యాబు పరికరాలో పరిశోధన నిధులో గణనీయంగా వాడితే, లేదా ప్రొఫెసర్ ప్రాజెక్టులో జీతం తీసుకుంటూ కనిపెడితే యూనివర్సిటీకి హక్కు వస్తుంది. మీ యూనివర్సిటీ పాలసీ వేరు, రెసిడెన్సీ నడిపేవాళ్ళ ఒప్పందం వేరు. రెండూ చదవండి. మీది పేటెంట్ తీసుకోదగ్గ ఆవిష్కరణ అయితే ఇంకో జాగ్రత్త కూడా కావాలి. పేటెంట్ దరఖాస్తు వేయకముందే వేదిక ఎక్కి వివరాలన్నీ చెప్పేస్తే యూరప్‌లో ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. అమెరికాలో ఏడాది గడువు ఇస్తారు. చివర్లో పెట్టుబడిదారుల ముందు మీ పని చూపించే రోజును డెమో డే అంటారు, దాని వీడియో ఆన్‌లైన్‌లో పెడతారు కాబట్టి దాన్నీ బహిరంగంగా చెప్పినట్టే లెక్క.

పాత బ్యాచ్ వాళ్ళలో ఇద్దరి పరిచయం అడగండి. వాళ్ళు ఇచ్చిన పేర్లు కాకుండా మీరే ఇంకో ఇద్దరిని వెతికి పట్టుకోండి, వీలైతే టీమ్ విడిపోయినవాళ్ళను. "మళ్ళీ వెళ్తారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "అక్కడ కలిసినవాళ్ళలో ఇప్పటికీ ఎవరితో మాట్లాడుతున్నారు? చివరిసారి ఎప్పుడు?" అని అడగండి.

బస గురించి సిగ్గుపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గదికి ఎంతమంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రిపూట బాధ్యులు ఎవరు, వేధింపుల ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఆ మనిషి మెంటర్లకూ పెట్టుబడిదారులకూ లొంగి ఉండేవాడా, విడిగా ఉండేవాడా? పెట్టుబడి పెట్టగలిగేవాళ్ళు, పెట్టుబడి కావాల్సిన ఇరవై ఏళ్ళ పిల్లలు రాత్రీ పగలూ ఒకే భవనంలో ఉండే చోట ఈ ప్రశ్న అనవసరం అనేవాళ్ళను నేను నమ్మను.

మూడు: దరఖాస్తులో ఐడియా కన్నా మీరు కనపడాలి

విద్యార్థుల ఐడియాలు మారతాయని ఎంపిక చేసేవాళ్ళకు తెలుసు. స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ అనే ఇద్దరు వర్జీనియా యూనివర్సిటీ విద్యార్థులు ఫోన్ నుంచి భోజనం ఆర్డర్ చేసే ఐడియాతో వై కాంబినేటర్ తొలి బ్యాచ్‌కు దరఖాస్తు పెట్టారు. కాదన్నారు. మర్నాడే ఫోన్ చేసి, ఐడియా మార్చుకుంటే రండి అన్నారు. అలా మార్చుకున్నదే ఆన్‌లైన్ చర్చా వేదిక రెడ్డిట్. వాళ్ళు తీసుకున్నది మనుషుల్ని.

కాబట్టి "నాకు వ్యాపారం అంటే ప్యాషన్" అని రాయకండి. చేసినది రాయండి, చిన్నదైనా సరే. కాలేజీ ఫెస్ట్‌కు టికెట్లు అమ్మారా? ఎన్ని అమ్మారు, ఎలా అమ్మారు, ఎక్కడ దెబ్బతిన్నారు? ఎవరూ అడక్కుండానే ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేస్తే డిపార్ట్‌మెంట్ అంతా వాడుతోందా? అది రాయండి. సమస్య గురించి రాసేటప్పుడు, ఆ సమస్య ఉన్నవాళ్ళను ఇప్పటికే నలుగురైదుగురిని కలిసి, వాళ్ళు అన్న మాటలను రెండు వాక్యాల్లో పెట్టండి. మార్కెట్ ఇన్ని వందల కోట్ల డాలర్లు అని ఇంటర్నెట్ నుంచి దించిన అంకె ఎవరినీ కదిలించదు.

వీడియో అడిగితే ఒకే టేక్‌లో, ఎడిటింగ్ లేకుండా, ఇద్దరు కోఫౌండర్లూ కనపడేలా తీయండి. ఒకరే మాట్లాడి, ఇంకొకరు పక్కన తల ఊపుతుంటే చూసేవాళ్ళకు ఆ టీమ్ సంగతి అర్థమైపోతుంది.

నాలుగు: బయల్దేరేముందు

ఇది క్లుప్తంగానే చెప్తాను. అటెండెన్స్, ఇంటర్నల్స్, క్రెడిట్ల సంగతి డిపార్ట్‌మెంట్‌తో మాట మీద వదలకుండా మెయిల్‌లో రాయించుకోండి. ఇంట్లోవాళ్ళకు ఎన్ని రోజులు, ఎక్కడ, ఎవరి ఫోన్ నంబరు అన్నది ఒక కాగితం మీద ఇవ్వండి. విదేశమైతే ఆరోగ్య బీమాతో పాటు వీసా షరతులు చూసుకోండి, విద్యార్థి వీసా మీద కంపెనీ నడపడం చాలా దేశాల్లో కుదరదు.

ఒక్క పని మాత్రం వదిలిపెట్టొద్దు. వెళ్ళే ఊళ్ళో మీ సమస్యకు సంబంధించిన ఇరవై మంది పేర్లు, అంటే కస్టమర్లు కాగలిగినవాళ్ళ పేర్లు, ముందే వెతికి మెయిళ్ళు పంపి, మొదటి వారంలో ఐదుగురితో అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళండి. అక్కడికి వెళ్ళాక మొదలుపెడితే జవాబులు వచ్చేసరికి రెండో వారం దాటుతుంది.

ఐదు: మొదటి మూడు రోజులు, టీమ్, కాగితం

టీమ్ అక్కడే కట్టే కార్యక్రమమైతే మొదటి సాయంత్రమే జట్లు కుదిరిపోతాయి. బాగా మాట్లాడేవాళ్ళ చుట్టూ జనం చేరతారు. ఆగండి. ఎవరితో కలవాలో తేల్చుకోవడానికి మాటలు పనికిరావు. ఒక చిన్న పని కలిసి చేసి చూడండి: నాలుగు గంటల్లో ఒక వెబ్‌పేజీ, లేదా ఇద్దరూ వెళ్ళి ముగ్గురు బయటివాళ్ళతో మాట్లాడి రావడం. చెప్పిన టైముకి వచ్చారా, చిరాకు పడ్డారా, విన్నది విన్నట్టు రాశారా, తమకు నచ్చినట్టు రాశారా? ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

టీమ్ కుదిరాక, స్నేహం వేడి మీద ఉండగానే వాటాల కాగితం రాసుకోండి. "ఇంకా ఏమీ లేదు కదా, ఇప్పుడే ఎందుకు" అంటారు. ఏమీ లేనప్పుడే రాసుకోవడం తేలిక.

లెక్క ఒకటి చూద్దాం. నలుగురు, తలా 25 శాతం. మూడు నెలలకు ఒకరికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. కాగితంలో ఇంకేమీ లేకపోతే కంపెనీలో పావు వంతు ఆ మనిషి దగ్గరే ఉండిపోతుంది. తర్వాత పెట్టుబడి పెట్టడానికి వచ్చినవాళ్ళు అది చూసి వెనక్కి వెళ్తారు. దీనికి అందరూ వాడే పద్ధతి వెస్టింగ్: నాలుగేళ్ళలో నెలనెలా వాటా సొంతమవుతుంది, మొదటి ఏడాది నిండకుండా వెళ్తే ఏమీ రాదు. అప్పుడు మూడు నెలలకు వెళ్ళినవాళ్ళకు సున్నా. పద్దెనిమిది నెలలకు వెళ్తే 48లో 18 వంతులు, అంటే 25 శాతంలో దాదాపు 9.4 శాతం దక్కుతుంది. మిగిలింది కంపెనీకి తిరిగొస్తుంది.

ఆ కాగితంలోనే ఇంకో మూడు మాటలు కూడా ఉండాలి. రెసిడెన్సీ అయ్యాక ఎవరు వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు? ఇద్దరు అటు ఇద్దరు ఇటు అయితే చివరి మాట ఎవరిది? డొమైన్, కోడ్, బ్యాంకు, సోషల్ మీడియా ఖాతాలు ఎవరి పేరు మీద ఉంటాయి? ఈ చివరిది చిల్లర విషయంలా కనిపిస్తుంది, తర్వాత జరిగే గొడవల్లో సగం దీని మీదే. కంపెనీ రిజిస్టర్ చేసేటప్పుడు లాయర్ చేత సరిగ్గా రాయించండి. అప్పటిదాకా అందరూ సంతకం పెట్టిన ఒక పేజీ చాలు.

ఆరు: భవనం దాటండి

అసలు పని ఇదే. 2011లో సిలికాన్ వ్యాలీ వ్యాపారవేత్త స్టీవ్ బ్లాంక్ స్టాన్‌ఫర్డ్‌లో లీన్ లాంచ్‌ప్యాడ్ క్లాసు మొదలుపెట్టాడు, బయటికి వెళ్ళి కస్టమర్లతో మాట్లాడుతూ వ్యాపారం నేర్చుకునే క్లాసు. అదే ఏడాది అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఆ పద్ధతినే తీసుకుని తను నిధులిచ్చే శాస్త్రవేత్తల కోసం ఐ-కార్ప్స్ అనే శిక్షణ కార్యక్రమం పెట్టింది. అక్కడ ఒక్కో టీమ్ ఏడు వారాల్లో కనీసం 100 మంది కస్టమర్లను, భాగస్వాములను కలిసి మాట్లాడాలి. ల్యాబు వదిలి బయటికి రాని పరిశోధకులే అది చేయగలిగినప్పుడు, వ్యాపారం నేర్చుకోవడానికని వచ్చి కూర్చున్న మీకు కుదరకపోవడం ఏమిటి? రోజుకు రెండు మూడు, అంతే.

ముందుగా ఒక నియమం. బ్యాచ్‌మేట్లతో, మెంటర్లతో మాట్లాడింది ఈ లెక్కలోకి రాదు. హాస్టల్‌లో పుట్టిన ఐడియాలు హాస్టల్ అవసరాల చుట్టూనే తిరుగుతాయి: నోట్స్ పంచుకునే యాప్, రూమ్‌మేట్‌ను వెతికే యాప్. కొనేవాళ్ళ చేతిలో డబ్బు ఉండదు, నాలుగేళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. అందుకని ఉద్యోగం చేసేవాళ్ళ, వ్యాపారం నడిపేవాళ్ళ సమస్యలు వెతకమంటాను.

మాట్లాడటం ఎలా అన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. మీ టీమ్ ఫిజియోథెరపీ క్లినిక్‌లకు యాప్ చేద్దామనుకుంటోంది. పేషెంట్లు అపాయింట్‌మెంట్ మరిచిపోతున్నారు, రిమైండర్ పంపితే వస్తారు అన్నది మీ ఊహ. క్లినిక్‌కు వెళ్ళి రిసెప్షన్‌లో ఉన్నావిడను ఇలా అడిగారనుకోండి:

"మీ పేషెంట్లకు ఆటోమేటిక్‌గా గుర్తుచేసే యాప్ ఉంటే వాడతారా మేడమ్?"

"ఆ, బాగుంటుంది బాబూ. చేయండి."

మీరు సంతోషంగా తిరిగొచ్చి బోర్డు మీద టిక్కు పెడతారు. ఆవిడ చెప్పింది మర్యాద కోసం. ఎదురుగా ఆశగా నిలబడిన పిల్లాణ్ణి వద్దని ఎవరు అంటారు? అదే క్లినిక్, అదే మనిషి, ప్రశ్నలు వేరే:

"పోయిన వారం అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్?"

"రోజూ ఉంటారు. నిన్ననే ఇద్దరు."

"వాళ్ళు రాలేదని తెలిశాక మీరేం చేశారు?"

ఆవిడ సొరుగులోంచి పొడుగాటి నోట్‌బుక్ తీస్తుంది. పేర్లు, ఫోన్ నంబర్లు, కొన్నిటి చుట్టూ ఎర్ర సున్నాలు. "సాయంత్రం కాస్త తీరిక దొరికితే ఇదిగో వీళ్ళకు నా ఫోన్ నుంచే చేస్తాను."

"చేస్తే ఏమంటారు?"

"మరిచిపోయామని ఎవరూ అనరు బాబూ. నొప్పి తగ్గిందిగా, ఇంకెందుకు అంటారు. డాక్టర్‌గారు పది సిట్టింగ్‌లు రాస్తే నాలుగింటికే ఆపేస్తారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే నొప్పితో వస్తారు."

రిమైండర్ యాప్ అక్కడితో పోయింది. దాని స్థానంలో పెద్ద సమస్య దొరికింది: నొప్పి తగ్గినంత మాత్రాన నయం కాలేదని పేషెంట్‌కు ఎలా తెలియాలి? నష్టం ఎవరికో కూడా తెలిసింది. ఆరు సిట్టింగ్‌ల రాబడి క్లినిక్ యజమాని పోగొట్టుకుంటున్నారు, కాబట్టి తర్వాత మాట్లాడాల్సింది ఆయనతో. ఎర్ర సున్నాలు వారానికి ఎన్ని పడుతున్నాయో ఆ నోట్‌బుక్ చూసి లెక్కపెట్టమని ఆవిడనే అడగొచ్చు. పేషెంట్ల పేర్లు, నంబర్లు మాత్రం ఫొటో తీయొద్దు. అవి మీవి కావు.

గమనించండి, రెండోసారి అడిగినవన్నీ జరిగిపోయిన వాటి గురించే. "చేస్తారా, వాడతారా, కొంటారా" అని రేపటి గురించి అడిగితే ఊహలే వస్తాయి. "చివరిసారి ఏం జరిగింది, ఏం చేశారు, దానికి ఎంత ఖర్చయింది" అంటే జరిగింది బయటికొస్తుంది.

ఇద్దరు వెళ్ళండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. అవతలివాళ్ళు వాడిన మాటలే రాయాలి, మీ భాషలోకి మార్చొద్దు. మీ ప్రోడక్ట్ గురించి చివరి ఐదు నిమిషాల దాకా నోరు విప్పొద్దు. లేచేముందు రెండు అడగండి: ఇంకెవరిని కలిస్తే బాగుంటుంది, రెండు వారాల తర్వాత ఒక నమూనా తెస్తే అరగంట కూర్చుని చూస్తారా. ఈ అరగంట అడగడం ముఖ్యం. నోటితో మెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు. సమయమో, సమాచారమో, అడ్వాన్సో ఇచ్చినప్పుడే అవసరం నిజమని తేలుతుంది.

నోట్స్ ఆ రాత్రే టైప్ చేయండి. వారానికోసారి అన్నీ పరిచి, ఒకే మాట ఎంతమంది నోట వచ్చిందో చూడండి. మొదటి వారమే గోడ మీద ఒకటి రాసి పెట్టుకోండి: ఏం వింటే ఈ ఐడియా వదిలేస్తాం? ముప్పై మందిలో ఐదుగురు కూడా ఈ సమస్యకు ఇప్పటికే డబ్బో సమయమో ఖర్చుపెట్టకపోతే వదిలేస్తాం అనో, ఇంకొకటో. ముందే రాయకపోతే తర్వాత ప్రతి జవాబూ మనకు అనుకూలంగానే వినపడుతుంది.

ఏడు: తక్కువ తయారుచేయండి, ముందు చేత్తో చేసి చూడండి

రెసిడెన్సీలో కోడర్లు ఎక్కువ కాబట్టి రెండో రోజుకే యాప్ మొదలవుతుంది. అంత తొందర అక్కర్లేదు. 2013 జనవరిలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కొందరు పాలో ఆల్టో డెలివరీ పేరుతో ఒక సాదా వెబ్‌పేజీ పెట్టారు. అందులో రెస్టారెంట్ల మెనూల పీడీఎఫ్‌లు, ఒక ఫోన్ నంబరు. అంతే. ఆర్డర్ వస్తే వాళ్ళే వెళ్ళి తెచ్చి ఇచ్చేవాళ్ళు. అదే తర్వాత డోర్‌డాష్ అనే పెద్ద ఫుడ్ డెలివరీ కంపెనీ అయింది. యాప్ ఉంటే జనం వస్తారా అన్నది వాళ్ళు పరీక్షించలేదు. జనం ఫోన్ చేస్తారా అన్నది పరీక్షించారు.

ఫిజియో ఉదాహరణలో అయితే ఒక క్లినిక్, పది మంది పేషెంట్లు, రెండు వారాలు. ప్రతి సిట్టింగ్ తర్వాత చెయ్యి ఎంత పైకి లేస్తోందో కొలిచి, ఎంత మిగిలిందో చూపిస్తూ మీరే మెసేజ్ పంపండి, పేషెంట్ ఒప్పుకుంటేనే. ఐదో సిట్టింగ్‌కు ఎంతమంది వచ్చారు? ఇందుకు యాప్ అవసరం లేదు.

ఎనిమిది: ఒకే కప్పు కింద బతకడం

నిద్ర మానడాన్ని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటారు. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, పదిహేడు గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానం. ఆ స్థితిలో కస్టమర్ ముందు కూర్చోరు కదా? వాటాల గురించి మాట్లాడరు కదా? రాత్రి పన్నెండు తర్వాత టీమ్ నిర్ణయాలు తీసుకోవద్దని మొదటి రోజే అనుకోండి.

మెంటర్ల విషయంలో వచ్చే గందరగోళం ఇంకోటి. సోమవారం వచ్చినాయన ధర పెంచమంటారు, మంగళవారం వచ్చినావిడ ఉచితంగా ఇమ్మంటారు. ఇద్దరూ అనుభవంతోనే చెప్తారు, వేర్వేరు వ్యాపారాల అనుభవంతో. సలహా రాసుకోండి, "ఇది మీకు ఎక్కడ పనిచేసింది, కస్టమర్లు ఎవరు" అని అడగండి, ఆ తర్వాత కస్టమర్ దగ్గరే తేల్చుకోండి. ప్రతి మెంటర్ మాటకూ దిశ మార్చే టీమ్ చివరికి ఎటూ పోదు.

గొడవలు వస్తాయి, గిన్నెలు ఎవరు కడగాలన్న దగ్గర మొదలై ఈక్విటీ దాకా. వారానికోసారి అరగంట, ల్యాప్‌టాప్‌లు మూసి, ఒక్కొక్కరూ ఈ వారం తమకు ఇబ్బంది కలిగించిన ఒక విషయం చెప్పాలి, మిగతావాళ్ళు మధ్యలో మాట్లాడకూడదు. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఇక వారానికి ఒక పూట భవనంలో ఉండకండి. పని మీద కూడా కాదు, ఊరికే. పక్క టీముల వేగం చూసి టెన్షన్ పడుతూ కూర్చుంటే ఏదీ తోచదు. ఆ పక్క టీమ్ వాళ్ళు మిమ్మల్ని చూసి అదే టెన్షన్ పడుతుంటారనుకోండి, అది వేరే సంగతి.

నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఏడుపు ఆగకపోవడం రోజుల తరబడి ఉంటే కౌన్సెలర్‌ను కలవండి, అవసరమైతే ఇంటికి వెళ్ళిపోండి. మధ్యలో వెళ్ళడం వల్ల ఆగిపోయే భవిష్యత్తు ఏదీ లేదు.

తొమ్మిది: డెమో డే

దీనికి చివరి వారంలో రెండు రోజులకు మించి కేటాయించొద్దు. నిర్వాహకులు పది రోజులు రిహార్సల్ చేయిస్తామంటే సగం మంది రిహార్సల్‌లో, సగం మంది బయట ఉండేలా పంచుకోండి. స్లైడ్లు తక్కువ, కస్టమర్ అన్న మాట ఒకటి, చేత్తో చేసిన పరీక్షలో వచ్చిన అంకె ఒకటి, ఏం అడుగుతున్నారో స్పష్టంగా ఒకటి. "పది మందిలో ఏడుగురు ఐదో సిట్టింగ్‌కు వచ్చారు, అంతకుముందు ముగ్గురే వచ్చేవాళ్ళు" అని చెప్పగలిగితే మిగతాది వాళ్ళే అడుగుతారు. లేని కస్టమర్లను ఉన్నట్టు చూపొద్దు, ఆ గదిలో ఒకరైనా ఫోన్ చేసి కనుక్కుంటారు.

పది: తిరిగొచ్చిన మొదటి నెల

రెసిడెన్సీ ఊపు రెండు వారాల్లో దిగిపోతుంది. క్లాసులు, ల్యాబులు, పరీక్షలు మళ్ళీ మీద పడతాయి. అందుకని చివరి రోజే, అక్కడే కూర్చుని టీమ్ అంతా ఒక నిర్ణయం చేయండి: కొనసాగిస్తున్నామా, ఆపుతున్నామా, నెల తర్వాత చూద్దామా. మూడోది ఎంచుకుంటే తేదీ వేయండి. తేదీ లేని "చూద్దాం" అంటే ఆపేసినట్టే.

కొనసాగిస్తే వారానికి ఒక నిర్ణీత సమయం, అందరూ వచ్చేది, పరీక్షల వారాల్లో తప్ప తప్పనిది. కస్టమర్లతో మాట్లాడటం వారానికి కనీసం ముగ్గురితో కొనసాగాలి. చేత్తో చేస్తున్న సేవకు చిన్న మొత్తమైనా వసూలు చేయడం మొదలుపెట్టండి.

ఆపేస్తే చేయాల్సిన పనులూ కొన్ని ఉన్నాయి. మీ సేవ వాడుతున్న క్లినిక్‌కు ముందుగా చెప్పి, పేషెంట్ల వివరాలు వాళ్ళకు అప్పగించి మీ దగ్గరున్నవి తుడిచేయండి. డొమైన్ ఎవరు ఉంచుకుంటారో, కోడ్ ఎవరు వాడుకోవచ్చో ఆ ఒక పేజీ కాగితం కిందే రాసి అందరూ సంతకం పెట్టండి. ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేయండి. మీతో అరగంట కూర్చున్న ప్రతి ఒక్కరికీ, ఏం తేలిందో రెండు వాక్యాల్లో మెయిల్ పంపండి. నోట్‌బుక్ చూపించిన రిసెప్షనిస్టుకు అయితే ఫోనే చేయండి.